పిచ్చుక గూటిపెట్టె: కొలతలు, చోటు, పురుగు, నీళ్లు

చూరుకింద · జనవరి 27, ఉదయం 7.10
అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లె. డాబా ఇల్లు, వెనకాల రెండు సెంట్ల పెరడు. వీధిలో పిచ్చుకలు ఉన్నాయి, కరెంటు తీగల మీద వాలతాయి. పెంకుటిళ్లు పోయాక గూడు పెట్టుకునే సందే దొరకడం లేదు వాటికి. చెక్కపెట్టె చేయించాలని ఉంది. నెట్‌లో ఒక్కోచోట ఒక్కో కొలత కనిపిస్తోంది. వడ్రంగికి చూపించడానికి సరైన కొలతలు కావాలి. ఎంత ఎత్తులో, ఏ దిక్కున కట్టాలి? గింజలు కూడా వేయాలా? ఫిబ్రవరిలోపే కట్టేయాలని అనుకుంటున్నాం.

చెక్కపని · జనవరి 27, ఉదయం 9.42
చూరుకింద గారూ, సరైన సమయానికే అడిగారు. ఏడాదిలో ఎప్పుడైనా గూడు పెడతాయి గానీ ఫిబ్రవరి నుంచి జోరు ఎక్కువ.

వడ్రంగికి ఒక్క పలక చాలు: 15 సెం.మీ. వెడల్పు, 15 మి.మీ. మందం, 150 సెం.మీ. పొడవు. మామిడి చెక్క, వేప చెక్క, పాత తలుపు టేకు, ఏదైనా సరే. వెనక పలకకి 45, ముందు పలకకి 20, పైకప్పుకి 23, అడుగుకి 12 సెం.మీ. కోయాలి. మిగిలిన దాంట్లో 45 సెం.మీ. ముక్క తీసి, మధ్యలో ఏటవాలుగా కోస్తే పక్క పలకలు రెండూ వచ్చేస్తాయి, ఒక అంచు 25, ఒక అంచు 20. పొడవు అంచు వెనక్కి, పొట్టి అంచు ముందుకి. కప్పు ముందుకి వాలుగా వస్తుంది, వాన కన్నం మీద పడదు. వెనక పలక పైనా కిందా పది పది సెం.మీ. మిగులుతుంది, గోడకి బిగించేది అక్కడే.

కన్నం 32 మి.మీ. ఇదే అన్నిటికంటే ముఖ్యం. పిచ్చుక హాయిగా దూరుతుంది, గోరింక దూరలేదు. కన్నం మధ్యబిందువు అడుగు నుంచి 15 సెం.మీ. ఎత్తులో ఉండాలి. అంతకన్నా కిందకి ఉంటే కాకి ముక్కు పిల్లలకి అందుతుంది. బరమాకి 32 హోల్‌సా బిట్ దొరక్కపోతే చిన్న చిన్న కన్నాలు గుండ్రంగా వేసి, ఆకురాయితో అంచు నున్నగా చేయండి.

అడుగు పలకకి మూలల్లో 6 మి.మీ. కన్నాలు నాలుగు, నీరు దిగడానికి. పక్క పలకలకి పైన చెరో రెండు కన్నాలు, గాలికి. ముందు పలక లోపలివైపు చిత్రిక పట్టొద్దు, మేకుతో అడ్డంగా గీతలు గీయండి. పిల్లలు బయటికి ఎక్కి రావాలంటే గోళ్లకి పట్టు కావాలి. మేకులు కాకుండా స్క్రూలు వాడండి. కప్పుకి బందు బదులు సైకిల్ ట్యూబు ముక్క వెనక అడ్డంగా బిగిస్తే తెరవడానికి వీలు, నీరూ దిగదు.

కన్నం కింద వాలడానికి పుల్ల పెట్టకండి. బజారు పెట్టెలన్నిటికీ అది ఉంటుంది, అందం కోసం. పిచ్చుకకి అక్కర్లేదు, కాకి, ఉడుత నిలబడి లోపలికి తొంగిచూడటానికి పనికొస్తుంది. లోపల రంగు, వార్నిష్ ఏమీ వద్దు. బయట అవిసెనూనె ఒక పూత చాలు.

ఎత్తు నేల నుంచి ఎనిమిది నుంచి పన్నెండు అడుగులు. మూతి తూర్పుకో ఉత్తరానికో. పడమటి గోడ మీద మే నెలలో పిల్లలు ఉడికిపోతాయి. సన్‌షేడ్ కింద కడితే ఎండా వానా రెండూ తగలవు. ఏసీ బయటి మిషన్ వేడిగాలి తగిలే చోటు వద్దు. వరండా లోపల కట్టేటట్లయితే సీలింగ్ ఫ్యాన్‌కి దూరంగా. ఫ్యాన్ రెక్కలకి చచ్చే పిచ్చుకలు తక్కువేమీ కాదు.

ఇంకోటి, పిచ్చుకలు గుంపు జీవులు. ఒకటి కాకుండా మూడు పెట్టెలు చేయించండి, మధ్య రెండడుగులు వదలండి.

గోదారిగట్టు · జనవరి 27, ఉదయం 11.05
చెక్క ఖర్చు పెట్టలేనివాళ్లు కుండ కట్టొచ్చా? ప్లాస్టిక్‌వి కూడా అమ్ముతున్నారు కదా.

చెక్కపని · జనవరి 27, మధ్యాహ్నం 12.20
కుండ బాగానే పనిచేస్తుంది, నీడలో ఉంటేనే. కుమ్మరి దగ్గర చిన్న మూతి ముంత తీసుకుని పక్కకి పడుకోబెట్టి కట్టాలి. మూతి పెద్దదైతే చెక్క బిళ్లకి 32 మి.మీ. కన్నం చేసి మూతికి బిగించండి. కిందికి వచ్చే వైపు రెండు సన్న కన్నాలు ఉండాలి. కుండలో సమస్య శుభ్రం చేయలేకపోవడం, గాలికి ఊగడం. రెండు చోట్ల కట్టి ఊగకుండా చేయండి. ఊగే పెట్టెలోకి పిచ్చుక వెళ్లదు.

ప్లాస్టిక్, రేకు డబ్బా రెండూ వద్దండి. గాలి ఆడక, వేడి పట్టేసి గుడ్లు చెడతాయి. చెప్పుల అట్టపెట్టె వరండాలో ఒక ఈతకి సరిపోతుంది, చెమ్మ తగిలితే అడుగు ఊడిపోతుంది.

కంచెరేగు · జనవరి 27, మధ్యాహ్నం 3.48
గూడు సంగతి చెక్కపని గారు బాగా చెప్పారు. నా మాట దాని తర్వాతి మెట్టు గురించి. గూటిపెట్టెలు పంచే కార్యక్రమాలు ప్రతి మార్చి 20కి, ప్రపంచ పిచ్చుకల దినోత్సవం నాడు, ఊరూరా జరుగుతాయి. పెట్టెలు నిండినా, గుడ్లు పెట్టినా, పిల్లలు బతక్కపోవచ్చు. ఎందుకంటే పెద్ద పిచ్చుక గింజలు తింటుంది గానీ గూట్లో పిల్లకి తొలి రోజుల్లో మెత్తని పురుగే తిండి. సన్న గొంగళిపురుగు, పేను, చిన్న మిడత, సాలీడు. గుడ్లు పొదగడం సుమారు 10 నుంచి 14 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు. ఆ రెండు వారాలూ తల్లీ తండ్రీ పొద్దున్నుంచి చీకటి పడేదాకా పురుగులు మోస్తూనే ఉండాలి. చుట్టూ టైల్సు, సిమెంటు, క్రోటన్ మొక్కలూ అయితే పురుగు ఎక్కడ దొరుకుతుంది?

చూరుకింద గారికి రెండు సెంట్లు ఉంది కాబట్టి చాలా చేయొచ్చు. ఒక చిక్కుడు పాదు పెట్టండి, పందిరి మీదకి పాకించండి. చిక్కుడు లేత కొసలకి నల్లపేను పడుతుంది. మనకి తెగులు, పిచ్చుకకి పంట. పేను కనిపించగానే మందు కొట్టకండి. కూరకి కావాల్సిన పాదు వేరేగా ఉంచుకుని ఒకటి వదిలేయండి. వేపనూనె కూడా ఆ పాదు మీద వద్దు, పురుగుకి అదీ మందే. ఒక ఆముదం మొక్క, నాలుగు బెండ మొక్కలు, కంచె పొడుగునా గోరింట. గోరింట గుబురుగా పెరిగితే పిచ్చుకలు గద్దకి భయపడి దూరడానికి చోటు. మధ్యాహ్నం గుంపుగా కూర్చుని కిచకిచలాడేది అలాంటి పొదల్లోనే. కాగితపుపూల తీగ ముళ్లతో ఉంటుంది కాబట్టి అదీ మంచిదే.

ఒక మూల గరికని, తోటకూరని విత్తనం కట్టేదాకా వదిలేయండి. పది జొన్న మొక్కలు వేస్తే ఇంకా మంచిది. ఇంకో మూల రెండడుగుల చదరం మట్టి తవ్వి, ఇసక కలిపి, నాలుగు అంగుళాల లోతున పొడిగా ఉంచండి. పిచ్చుకలు దుమ్ములో స్నానం చేస్తాయి, ఈకల్లో పేలు వదిలించుకోవడానికి. ఈ దుమ్ము గుంట పొదకి మరీ ఆనుకుని వద్దు, పిల్లి మాటు వేస్తుంది. ఒక ఆరేడడుగుల దూరం చాలు.

రాలిన ఆకులు కాల్చేయడం మానండి. చెట్టు మొదట్లోనే పోయండి. కింద ఉండే పురుగుల కోసం ఆకులు తిరగేసుకుంటూ బాబ్లర్ పిట్టలు వస్తాయి, ఏడెనిమిది కలిసి.

నల్లరేగడి · జనవరి 27, సాయంత్రం 6.15
ఇవన్నీ సరే, అసలు కారణం సెల్ టవర్లు కదా. రేడియేషన్‌కి పిచ్చుకలు అంతరించిపోతున్నాయి అని అందరూ అంటున్నారు.

లెక్కలపిట్ట · జనవరి 27, రాత్రి 8.30
నల్లరేగడి గారూ, టవర్ల వల్లే తగ్గాయని తేల్చిన ఆధారం లేదండి. 2020లో వచ్చిన దేశవ్యాప్త పక్షుల స్థితి నివేదిక ప్రకారం ఊరపిచ్చుకల సంఖ్య దేశం మొత్తం మీద పాతికేళ్లకు పైగా ఇంచుమించు నిలకడగా ఉంది. తగ్గింది పెద్ద నగరాల్లో, హైదరాబాదు అందులో ఒకటి. టవర్ నీడలో ఉన్న పల్లెటూరి రైస్‌మిల్లు దగ్గర వందల పిచ్చుకలు కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ రేకుల సందులున్నాయి, ఊకలో పురుగుంది, పక్కన పొలముంది. నగరంలో ఈ మూడూ పోయాయి.

ఇది వాదన కోసం చెప్పడం లేదు. కారణం టవర్ అనుకుంటే మన చేతిలో ఏమీ లేదని కూర్చుంటాం. కారణం సందు, పురుగు, పొద అయితే మన పెరట్లోనే పని ఉంది.

వరికుచ్చు · జనవరి 28, ఉదయం 6.55
గింజల గురించి అడిగారు. గోదావరి, కృష్ణా జిల్లాల్లో గుడి మండపాలకి, ఇంటి చూరుకి వరి కంకుల కుచ్చులు కట్టే అలవాటు పాతది. అది అన్నిటికన్నా మంచి పద్ధతి. నేల మీద గింజలు చల్లితే పావురాలు వచ్చేస్తాయి, పిచ్చుకని దగ్గరకి రానివ్వవు. వేలాడే కుచ్చుకి పావురం వేలాడలేదు, పిచ్చుక వేలాడుతుంది.

దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు కుచ్చు కట్టుకోవచ్చు. మిషన్ కోతలో గడ్డి ముక్కలై కుచ్చుకి పనికిరాదు. మిషన్ దిగకముందే గట్టు వారన కొడవలితో కోసుకోవాలి. కంకి కింద ఒక అడుగు కాడ ఉండేలా కోసి, రెండు రోజులు నీడన ఆరబెట్టి, చారెడు చారెడు కాడలుగా జడ అల్లుకుంటూ పోతే వదులు కాదు. జనపతాడు వాడండి, నైలాన్ దారం వద్దు, కాలికి చుట్టుకుంటుంది. కోతకి ముందు మందు కొట్టిన చేనైతే ఆ వరి వాడకండి. రైతుని అడిగితే ఎప్పుడు ఏం కొట్టిందీ చెబుతారు.

తేమ తగిలి బూజు పట్టిన కుచ్చు తీసేయండి. బూజు గింజ తింటే చస్తాయి. పిల్లి ఎగిరితే అందని ఎత్తులో, పక్కన గోడ గానీ కొమ్మ గానీ లేని చోట కట్టాలి.

లెక్కలపిట్ట · జనవరి 28, ఉదయం 8.20
వరికుచ్చు గారితో ఒప్పుకుంటాను గానీ ఒక హెచ్చరిక. గింజలు ఎక్కువ పెట్టడం మొదలుపెడితే పక్షులన్నీ ఒకేచోట గుమిగూడతాయి. ఒక జబ్బు పిట్ట వచ్చిందంటే అన్నిటికీ అంటుతుంది. కళ్ల చుట్టూ, కాళ్ల మీద బుడిపెలున్న పిట్ట గానీ, ఈకలు ఉబ్బించుకుని కదలకుండా కూర్చున్న పిట్ట గానీ కనిపిస్తే రెండు వారాలు తిండీ నీళ్లూ పెట్టడం ఆపేయండి. చెదిరిపోతే అంటడం తగ్గుతుంది.

నూకలు, కొర్రలు, సజ్జలు గుప్పెడు చాలు, పొద్దున పెట్టినవి మధ్యాహ్నానికి అయిపోవాలి. ఉప్పు కలిపినవి, వేయించినవి, బ్రెడ్డు, పులిసిన అన్నం వద్దు. అపార్టుమెంట్ల మీద, కూడళ్లలో బస్తాలకి బస్తాలు పావురాలకి పోయడం పుణ్యం అనుకుంటారు. దాని వల్ల పెరిగేది పావురాలే. వాటి రెట్ట పొడి అదేపనిగా పీలిస్తే మనుషుల ఊపిరితిత్తులు వాపెక్కే జబ్బు వస్తుంది. దయచేసి అది ఆపండి.

మండువేసవి · జనవరి 28, ఉదయం 10.35
తిండి కన్నా నీరు ముఖ్యం, ముఖ్యంగా మార్చి నుంచి జూన్ దాకా. అందరూ చేసే పొరపాటు లోతైన గిన్నె పెట్టడం. చిన్న పిట్ట జారి పడితే బయటికి రాలేదు. మట్టి పళ్లెం, లోతు రెండు అంగుళాలకి మించకూడదు, అంచు గరుకుగా ఉండాలి. మధ్యలో నీటికి పైకి తేలేలా గులకరాళ్లు వేయండి. తేనెటీగలు, సీతాకోకచిలుకలు కూడా ఆ రాళ్ల మీద వాలి తాగుతాయి. స్టీలు, ప్లాస్టిక్ పళ్లేలు ఎండకి కాగిపోతాయి.

రోజూ పొద్దున నీళ్లు పారబోసి, కొబ్బరి పీచుతో తోమి, కొత్తవి పోయాలి. దోమ గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు పడుతుంది. రోజూ మారిస్తే దోమకి అవకాశమే లేదు. కార్పొరేషన్ వాళ్లు వచ్చి పళ్లెం తీసేయమంటే ఇదే చెప్పండి. వారానికి ఒకసారి ఒక వంతు బ్లీచింగ్ ద్రవం, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి ఎండలో ఆరనివ్వండి. రెండు పళ్లేలుంటే ఒకటి ఆరుతుండగా రెండోది వాడుకోవచ్చు.

పెట్టే చోటు నీడలో, పొదకి ఆరేడడుగుల దూరంలో. గూటిపెట్టె కిందే నీళ్లూ గింజలూ పెట్టకండి. వేరే పిట్టలు, ఉడుతలు, పిల్లులు అక్కడికే చేరి గూటికి నెమ్మది లేకుండా చేస్తాయి.

చూరుకింద · జనవరి 28, మధ్యాహ్నం 1.15
చాలా మంచి సమాచారం. మూడు పెట్టెలకి చెప్పాం. ఉడుతలు బాగా ఎక్కువ ఇక్కడ. కన్నం కొరికి పెద్దది చేయవా?

చెక్కపని · జనవరి 28, మధ్యాహ్నం 2.02
చేస్తాయి. మూడంగుళాల చదరం రేకు ముక్కకి అదే 32 మి.మీ. కన్నం కొట్టి, అంచు ఆకురాయితో రుద్ది, కన్నం చుట్టూ బిగించండి. రేకు అంచు చెక్క కన్నం కన్నా లోపలికి పొడుచుకు రాకూడదు, మెడ కోసుకుంటుంది.

కొల్లేటిరైతు · జనవరి 28, సాయంత్రం 5.40
ఇల్లు దాటి పొలం, చెరువు గురించి కూడా చెప్పుకుందాం. వరి, అపరాల చేలో ఎకరానికి ఎనిమిది నుంచి పది పంగల కర్రలు పాతండి, పైరు కన్నా రెండడుగులు ఎత్తు. పసులపోలిగాడు, పాలపిట్ట, గోరింక వాటి మీద వాలి పురుగులు ఏరుతాయి. రాత్రి గుడ్లగూబ కూర్చుని ఎలుకని పడుతుంది. వరి, జొన్న లాంటి వాటిలో గింజ పాలు పోసుకునే దశకి కర్రలు తీసేయాలి. అప్పటికీ ఉంచితే గింజ తినే పిట్టలు వాటినే వాడుకుంటాయి.

ఎలుకల మందు దగ్గర ఆలోచించాలి. మందు తిన్న ఎలుక వెంటనే చావదు, రోజుల తరబడి మత్తుగా తిరుగుతుంది. దాన్ని పట్టడం గుడ్లగూబకి సులువు, ఆ మందు దాని ఒంట్లోకీ పోతుంది. ఊళ్లో ఎలుకల బుట్టలు పెట్టేవాళ్లుంటే వాళ్లని పిలిపించండి. చావుపిట్ట అని రాళ్లు కొట్టి చంపే తెల్ల గుడ్లగూబ, పిల్లల్ని పెంచే రోజుల్లో చేసే ఎలుకల వేట ఏ మందూ చేయలేదు.

చేపల చెరువుల మీద కట్టే సన్న నైలాన్ వలలు ఇంకో ఘోరం. కంటికి కనిపించని దారం, వదులుగా కట్టి ఉంటుంది. కొంగలు, లకుముకి పిట్టలు, నీటికాకులు చిక్కుకుని వేలాడుతూ చస్తాయి. కాపాడుకోవాల్సింది చేపనే అయితే లావు దారం, కంటికి కనిపించే రంగు, తబలా తోలంత బిగువుగా కట్టాలి. దానికన్నా మేలు చెరువు అడ్డంగా వరసలుగా తాళ్లు లాగి మెరుపు రిబ్బన్లు కట్టడం, పిల్ల చేపలు ఉన్న నర్సరీ గుంటలకి మాత్రమే వల వేయడం. పెద్ద చేపని చిన్న కొంగ ఎత్తుకుపోలేదు.

అద్దాలమేడ · జనవరి 28, రాత్రి 9.12
మేం హైదరాబాదులో ఏడో అంతస్తు. అద్దానికి పిట్టలు వచ్చి గుద్దుకుంటున్నాయి. గద్ద బొమ్మ స్టిక్కరు అంటిస్తే సరిపోతుందా?

లెక్కలపిట్ట · జనవరి 28, రాత్రి 9.50
సరిపోదు. పిట్ట స్టిక్కరుని చూసి భయపడదు, దాని పక్కన ఖాళీగా ఉన్న అద్దంలో కనిపించే ఆకాశంలోకి పోతుంది. అద్దం మొత్తం మీద గుర్తులుండాలి, వాటి మధ్య ఖాళీ రెండు అంగుళాలకి మించకూడదు. తెల్ల చుక్కల టేపు గానీ, నిలువు గీతలు గానీ, లేదా బయట రెండు అంగుళాలకొక సన్న తాడు వేలాడదీయడం గానీ. అన్నీ అద్దం బయటివైపే. లోపలివైపు అంటిస్తే ప్రతిబింబం చెదరదు.

గుద్దుకుని పడిన పిట్టని మెత్తని గుడ్డతో పట్టి, కన్నాలున్న అట్టపెట్టెలో పెట్టి, మూసి, చీకటిగా నిశ్శబ్దంగా గంటా రెండు గంటలు వదిలేయండి. నీళ్లు పోయొద్దు, తిండి పెట్టొద్దు, ఫొటోల కోసం మాటిమాటికీ తెరవొద్దు. తర్వాత బయటికి తీసుకెళ్లి మూత తీయండి. ఎగరలేకపోతేనే అటవీశాఖకి గానీ పశువైద్యుడికి గానీ.

బాల్కనీకి పావురాల వల కట్టించేటప్పుడూ ఇదే జాగ్రత్త. నాలుగు పక్కలా బిగువుగా ఉండాలి, ఒక్కచోట సడలినా చిన్న పిట్టలు చిక్కుతాయి.

పసరుమందు · జనవరి 29, ఉదయం 7.30
కింద పడిన పిల్లల గురించి ఎవరూ రాయలేదు. ముందు చూడాల్సింది ఈకలు. ఒంటి నిండా ఈకలొచ్చి, తోక పొట్టిగా ఉండి, గెంతుతూ ఉంటే అది ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. దాన్ని ఇంటికి తెచ్చేయకండి. తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉండి మేపుతుంటాయి. పిల్లి, కుక్క తిరిగే చోటైతే దగ్గర్లోని పొదలో పెట్టి దూరంగా వచ్చేయండి.

ఈకలు రానిది, కళ్లు తెరవనిది అయితే గూట్లో తిరిగి పెట్టేయాలి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది వట్టి మాట. గూడు మొత్తం పడిపోతే చిన్న వెదురు బుట్టలో ఎండుగడ్డి పరిచి, అదే కొమ్మకి కట్టి, పిల్లని అందులో ఉంచి రెండు గంటలు దూరం నుంచి గమనించండి. ఒళ్లు చల్లబడి ఉంటే ముందు వెచ్చదనం ఇవ్వాలి. గోరువెచ్చని నీటి సీసాని గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి.

పిల్ల నోట్లో నీటి చుక్కలు వేయడం అందరూ చేసేదీ, ఎక్కువ పిల్లల్ని చంపేదీ. గాలిగొట్టం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది. నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు అసలు వద్దు, పక్షులకి పాలు అరగవు. అటవీశాఖ టోల్‌ఫ్రీ నంబరు ఫోన్లో ముందే దాచుకోండి.

గోదారిగట్టు · జనవరి 29, ఉదయం 9.18
సంక్రాంతి అయిపోయింది గానీ దారాలు చెట్ల మీద వేలాడుతూనే ఉన్నాయి. నైలాన్, సింథటిక్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది. ఇంకా దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారు. పండగ అయిపోయాక కూడా చెట్లకి మిగిలిన దారం నెలల తరబడి పిట్టల్ని చంపుతూనే ఉంటుంది, అది కుళ్లదు. ఈ వారం వీధి పిల్లల్ని పోగేసి తీయించండి. పొడుగు వెదురు గడకి చివర ముల్లు కొమ్మ కట్టి తిప్పితే దారం చుట్టుకుని వచ్చేస్తుంది. చేతికి మందపాటి తొడుగులు వేసుకోండి. కరెంటు తీగల దగ్గరకి మాత్రం వెళ్లకండి, అది లైన్‌మన్ పని. తీసిన దారం ముక్కలుగా కత్తిరించి మూటకట్టి పారేయాలి. అలాగే పారేస్తే గూటికోసం పిట్టలే ఎత్తుకుపోయి పిల్లల కాళ్లకి చుట్టుకుంటుంది.

కంచెరేగు · జనవరి 29, ఉదయం 11.40
కొల్లేటిరైతు గారు పాలపిట్ట పేరెత్తారు కాబట్టి. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. 2023 నాటి దేశవ్యాప్త నివేదిక దాని సంఖ్య గట్టిగా తగ్గుతోందని చెప్పి, పరిస్థితిని అంతర్జాతీయంగా మళ్లీ అంచనా వేయాలని సిఫారసు చేసింది. దసరా నాడు పాలపిట్టని చూడటం శుభం. ఆ నమ్మకాన్ని వాడుకుని పిట్టల్ని ముందుగానే పట్టి, కాళ్లు కట్టి, ఈకలకి జిగురు పూసి, పంజరంలో వీధి వీధీ తిప్పి డబ్బులు అడుగుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టడం, ఉంచడం, అమ్మడం అన్నీ నేరమే. రామచిలుకని పంజరంలో పెంచడమూ అంతే, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి అది. డబ్బులిచ్చి విడిపించకండి, వచ్చే ఏడు రెండింతలు పడతారు. చోటు చూసుకుని అటవీశాఖకి చెప్పండి. ఊరి బయటికి వెళ్తే కరెంటు తీగ మీద ఉచితంగా దర్శనమిస్తుంది. దసరా నాటికి చేలల్లో పురుగు బాగా ఉంటుంది, వెతకడం కష్టం కాదు.

దాని గూటి సంగతి ఎక్కువమందికి తెలియదు. తల పోయి మొద్దుగా నిలబడ్డ తాటిచెట్టు పైన పుచ్చిన తొర్రలో పెడుతుంది. ఎండిపోయింది కదా అని ఆ మొద్దు కొట్టేస్తారు. మొద్దు ఇంటి మీదో దారి మీదో పడే ప్రమాదం లేకపోతే వదిలేయండి. పాలపిట్ట తర్వాత అదే తొర్రని గోరింకలు, చిలుకలు, గుడ్లగూబలు వాడుకుంటాయి.

నల్లరేగడి · జనవరి 29, మధ్యాహ్నం 12.50
మా ఊరి బీడులో మొక్కలు నాటే కార్యక్రమం పెడుతున్నారు. పక్షులకి మంచిదే కదా? ఏం నాటాలి?

కంచెరేగు · జనవరి 29, మధ్యాహ్నం 2.25
నల్లరేగడి గారూ, ముందు ఆ బీడులో ఇప్పుడేముందో చూడండి. గడ్డి, రేగు పొదలు, పరికి కంప ఉంటే అది ఖాళీ భూమి కాదు. కౌజులు, తీతువులు నేల మీదే గుడ్లు పెడతాయి. వాటికి చెట్టు అక్కర్లేదు, చెట్టొస్తే గద్దకి కూర్చునే చోటు దొరుకుతుంది. నంద్యాల జిల్లా రోళ్లపాడు బట్టమేక పక్షి కోసం పేరుపడింది, అది బతికేది గడ్డిభూమిలోనే. కడప జిల్లా ముళ్లపొదల్లోనే 1986లో కలివికోడి మళ్లీ కనిపించింది, అంతరించిపోయిందని అందరూ అనుకున్నాక. అలాంటి బీట్లో గుంతలు తవ్వితే మేలు కన్నా కీడే.

చెరువు గట్టు, బడి ఆవరణ, రోడ్డు పక్క అయితే నాటండి. మర్రి, రావి, జువ్వి, మేడి పళ్లకి ఎన్నో రకాల పిట్టలు వస్తాయి. ఇంటికి, పైపులైనుకి దూరంగా నాటాలి. నేరేడు, బూరుగు, మోదుగ కూడా. బూరుగు, మోదుగ పూసే రోజుల్లో చెట్టంతా పిట్టలే. కోనోకార్పస్ మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా వద్దు. త్వరగా పచ్చబడుతుంది, అంతే. మన పిట్టకి పండూ లేదు, పురుగూ లేదు.

లెక్కలపిట్ట · జనవరి 29, సాయంత్రం 6.05
చూరుకింద గారి పెట్టెల పని అయ్యేలోపు ఫిబ్రవరి వస్తుంది. ఆ నెలలో శుక్రవారం నుంచి సోమవారం దాకా నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. కనీసం 15 నిమిషాలు ఒకచోట నిలబడి, కనిపించిన, వినిపించిన ప్రతి రకం ఎన్ని ఉన్నాయో రాసి ఈబర్డ్ యాప్‌లో ఎక్కించాలి. కాకి, పావురం కూడా రాయాలి. మామూలు పిట్ట కదా అని వదిలేస్తే లెక్క పూర్తి జాబితాగా పనికిరాదు. పిచ్చుక ఎక్కడ తగ్గిందో తెలిసింది ఇలాంటి జాబితాల వల్లే. పిట్ట లేదన్న సమాచారమూ విలువైనదే.

సూర్యోదయం తర్వాత మొదటి రెండు గంటలు మంచి సమయం. బైనాక్యులర్ కొనాలనుకుంటే 8x42 తీసుకోండి. ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు కటకం 42 మి.మీ. 10, 12 రెట్లవి చేతిలో వణుకుతాయి. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు గొట్టాలు కిందికి తిప్పేసి చూడాలి. వాడేముందు కుడివైపు కటకం మూసి, ఎడమ కంటితో దూరపు అక్షరాలు మధ్య చక్రం తిప్పి స్పష్టం చేసుకోండి. తర్వాత ఎడమ కటకం మూసి, కుడి గొట్టం మీది చిన్న చక్రంతో అదే చేయండి. ఇది చేయకుండా తలనొప్పి వస్తోందని చాలామంది పక్కన పడేస్తారు.

గూడు దగ్గరకి వెళ్లి ఫొటోలు తీయొద్దు, పిలుపులు ప్లే చేసి రప్పించొద్దు. గుడ్లగూబ తొర్ర ఎక్కడుందో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. దీపావళి ముందు క్షుద్రపూజల కోసం వాటిని పట్టేవాళ్లు ఉన్నారు.

చూరుకింద · జనవరి 29, రాత్రి 8.44
తప్పకుండా లెక్కలో చేరతాం. రెండు సందేహాలు. తీగల మీద పిచ్చుకలు వస్తూ పోతూ ఉంటాయి, ఎన్నని రాయాలి? పిల్లలు ఎగిరిపోయాక పెట్టె ఎప్పుడు కడగాలి?

చెక్కపని · జనవరి 29, రాత్రి 9.20
పిల్లలు వెళ్లాక మూడు రోజులు ఆగండి. ఒక్కోసారి రాత్రికి తిరిగొస్తాయి. తర్వాత లోపల మరో ఈత గుడ్లు లేవని చూసి, ముక్కుకి గుడ్డ కట్టుకుని పాత గడ్డి తీసేసి, మరిగే నీళ్లు పోసి, ఎండలో పూర్తిగా ఆరాక మళ్లీ బిగించండి. పురుగుల స్ప్రే కొట్టకండి, వాసన పోయినా మందు చెక్కలో ఉంటుంది. ఆలస్యం చేయొద్దు, ఆ జంటే కొద్ది రోజుల్లో మళ్లీ గుడ్లు పెట్టొచ్చు.

లెక్కలపిట్ట · జనవరి 29, రాత్రి 9.33
ఒకేసారి కళ్లకి కనిపించిన వాటిలో అన్నిటికన్నా ఎక్కువ సంఖ్య రాయండి. మొదట ఆరు, తర్వాత తొమ్మిది, తర్వాత నాలుగు కనిపిస్తే తొమ్మిదే, పందొమ్మిది కాదు. మగది గొంతు కింద నల్లటి మచ్చతో ఉంటుంది, ఆడది మట్టిరంగు. రెండు మగవీ ఏడు ఆడవీ ఒకసారి, ఐదు మగవీ రెండు ఆడవీ ఇంకోసారి కనిపిస్తే కనీసం ఐదు మగవి, ఏడు ఆడవి ఉన్నట్టే, పన్నెండు రాయొచ్చు. తేలకపోతే అంచనా సంఖ్య వేయండి. సంఖ్య లేకుండా ఉన్నాయి అని మాత్రం గుర్తు పెడితే, పెరిగాయా తగ్గాయా అన్నది తర్వాత ఎవరూ చెప్పలేరు.